వినికిడికి మార్కులెన్ని? ఉన్నత పాఠశాలల్లో ఆంగ్ల శ్రవణ, పఠనాల మూల్యాంకనం

దక్షిణ కొరియాలో ఏటా నవంబరు నెలలో ఒక గురువారం మధ్యాహ్నం దేశమంతటా విమానాలు ఎగరడం, దిగడం ఆపివేస్తాయి. అప్పటికే గాలిలో ఉన్నవి ముప్పై అయిదు నిమిషాల పాటు పైనే చక్కర్లు కొడతాయి. ఉన్నత పాఠశాల ముగించుకొని విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు కూర్చున్న విద్యార్థులు ఆ సమయంలో ధ్వనిపెట్టెల్లో వచ్చే ఆంగ్ల సంభాషణలను వింటూ ఉంటారు. వారి చెవిన అన్య శబ్దం పడకూడదన్నది అక్కడి నియమం. ఆ ఆంగ్ల ప్రశ్నపత్రంలోని 45 ప్రశ్నలలో 17 విని జవాబు గుర్తించవలసినవి, 28 చదివి గుర్తించవలసినవి. పొరుగున ఉన్న జపాన్ 2006లో తన జాతీయ ప్రవేశపరీక్షలో శ్రవణభాగాన్ని చేర్చింది. ప్రతి విద్యార్థికీ ఒక చిన్న శ్రవణయంత్రాన్ని ఇచ్చి ఆ పరీక్ష జరిపింది. 2021లో మొదలైన కొత్త ఉమ్మడి పరీక్షలో పఠనానికి 100, శ్రవణానికి 100 చొప్పున రెంటికీ సమానంగా మార్కులు కేటాయించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పదవ తరగతి ఆంగ్ల పరీక్ష జరిగే గదిలో ఉండేది నిశ్శబ్దం. చదవవలసిన గద్యభాగాలు, పూరించవలసిన ఖాళీలు, రాయవలసిన లేఖ, సంభాషణ అన్నీ కాగితం మీదే. సంభాషణను రాయడమే తప్ప వినడం ఉండదు. ఈ పరీక్షలో ఒక్క ఆంగ్ల వాక్యమైనా వినకుండా తొంభై మార్కులు తెచ్చుకోవచ్చు. ఎందరో తెచ్చుకున్నారు కూడా. ఆ తొంభై మార్కుల విద్యార్థి ఇంజనీరింగు కళాశాలలోనో, వైద్య కళాశాలలోనో మొదటి ఉపన్యాసానికి కూర్చున్నప్పుడు, లేక విదేశానికి వచ్చిన మొదటి నెలలో ఫోనులో అవతలి మనిషి మాట విన్నప్పుడు, ఆ మార్కులు కొలవని అంశమేమిటో తెలుస్తుంది. పుస్తకంలో కనిపిస్తే అర్థమయ్యే వాక్యమే చెవిన పడితే అర్థం కాదు. తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన ప్రవాసులలో ఈ అనుభవం అరుదైనది కాదు.

ఉన్నత పాఠశాల విద్యార్థి ఆంగ్లాన్ని వినగలడా, చదవగలడా అని తెలుసుకోవడానికి ఇప్పుడు వాడుకలో ఉన్న సాధనాలు నిజంగా ఏమి కొలుస్తున్నాయో, వేటిని కొలిచినట్టు భ్రమ కలిగిస్తున్నాయో విమర్శించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. శ్రవణ పరీక్ష ఉంటే మంచిదే, లేకుంటే చెడ్డదే అన్నంత సులభంగా తేలే విషయం కాదిది.

1. పఠనం ఒక గుణకారం

పఠనశక్తిని గురించి గత నలభై ఏళ్లలో వచ్చిన సిద్ధాంతాలలో బహుశా అతి క్లుప్తమైనది, అతి ఫలవంతమైనది 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ ప్రతిపాదించినది. చదివి అర్థం చేసుకోవడమనేది రెండు శక్తుల లబ్ధమని వారన్నారు. ఒకటి రాతను మాటగా మార్చుకునే శక్తి. దీనిని లిపిబోధ అందాం. రెండవది ఆ మాటనే ఎవరైనా చదివి వినిపిస్తే అర్థం చేసుకునే శక్తి. ఇది భాషాబోధ. వారి సిద్ధాంతానికి ప్రాణం ఇది కూడిక కాదు, గుణకారమని చెప్పడంలో ఉంది. రెండింటిలో ఒకటి సున్నా అయితే ఫలితం సున్నా. లిపి తెలిసి భాష తెలియనివాడు చదవలేడు, భాష తెలిసి లిపి తెలియనివాడూ చదవలేడు. 1990లో వెస్లీ హూవర్, గాఫ్ కలసి స్పానిష్, ఆంగ్లం రెండూ ఎరిగిన ద్విభాషా పిల్లలపై జరిపిన అధ్యయనం ఈ గుణకారాన్ని బలపరచింది.

ఈ సూత్రాన్ని మూల్యాంకనానికి అన్వయిస్తే ఒక ఇబ్బందికరమైన పర్యవసానం బయటపడుతుంది. లిపిబోధ 0.9, భాషాబోధ 0.3 ఉన్న విద్యార్థి పఠనం 0.27. లిపిబోధ 0.3, భాషాబోధ 0.9 ఉన్న విద్యార్థి పఠనం కూడా 0.27. పఠన పరీక్ష ఒక్కటే పెడితే ఇద్దరికీ ఒకే మార్కు వస్తుంది. ఒకే తరగతిలో, ఒకే వెనుకబడిన బృందంలో కూర్చోబెట్టి, ఒకే అదనపు పాఠం చెబుతారు. నిజానికి మొదటివాడికి కావలసింది పదసంపద, వాక్యార్థం, భాషాపరిచయం. రెండవవాడికి కావలసింది అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న పొత్తు. ఒకరి మందు మరొకరికి పనికిరాదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువని తేలినంత మాత్రాన రోగనిర్ణయం అయినట్టు కాదు. ఇనుము లోపించినా అది తగ్గుతుంది, బి12 విటమిన్ లోపించినా తగ్గుతుంది. ఎర్రకణాల పరిమాణం కూడా చూస్తేనే దారి తెలుస్తుంది. పఠన పరీక్షకు శ్రవణ పరీక్ష అటువంటి రెండవ కొలత. శ్రవణాన్ని కొలవడం కేవలం మరొక నైపుణ్యాన్ని కొలవడం కాదు, పఠనం ఎందుకు కుంటుపడిందో చెప్పగలిగే సాధనం కూడా.

గాఫ్ అనే ఇంటిపేరే లిపిబోధ ఎంత కష్టమో చెబుతుంది. ఆంగ్లంలో ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలు ఇదే వరుసలో దో, త్రూ, టఫ్, కాఫ్ అనే మాటల్లో నాలుగు తీరులుగా పలుకుతాయి. తెలుగు లిపి నేర్చినవాడికి ఈ అవస్థ కొత్త. గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లవాడు అర్థం తెలియని ప్రబంధపద్యాన్నైనా తప్పులేకుండా పైకి చదవగలడు. పైకి చదవగలగడమే చదువు అన్న నమ్మకం తెలుగు బడిలో బలంగా నాటుకోవడానికి లిపి సౌలభ్యం కొంత కారణం కావచ్చు. ఆ నమ్మకాన్నే ఆంగ్లానికి తరలించినప్పుడు పొరపాటు మొదలవుతుంది.

ఈ పొరపాటు పరిమాణమెంతో సూచించే అంకెలున్నాయి. గ్రామీణ భారతంలో 14 నుంచి 18 ఏళ్ల యువతపై 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో జరిగిన అసర్ 2023 సర్వేలో ఆంగ్ల వాక్యాలను చదవగలిగినవారు 57.3 శాతం. వారిలో ఆ వాక్యాల అర్థం చెప్పగలిగినవారు 73.5 శాతం. రెంటినీ కలిపి చూస్తే ప్రతి వందమందిలో 57 మంది చదవగా 42 మందికే అర్థమయింది. మిగిలిన పదిహేనుమంది గొంతు చదివింది, బుద్ధి చదవలేదు. ఆ వాక్యాలు పాఠ్యపుస్తకపు జటిలవాక్యాలు కావు, చిన్నపిల్లల వాచకంలో ఉండేంత సులభమైనవి. అసర్ సాధనానికి పరిమితులున్నాయి, అందులో శ్రవణం లేదు. అయినా చదవడాన్నీ అర్థం చెప్పడాన్నీ విడదీసి అడగడం, అర్థాన్ని విద్యార్థి తన భాషలోనే చెప్పనివ్వడం అనే రెండు మంచి పనులు అది చేసింది. పెద్ద పెద్ద పరీక్షలు ఈ రెండూ చేయవు.

2. తలక్రిందులైన క్రమం

అమెరికాలో శ్రవణ పరీక్షలకు దీర్ఘచరిత్ర ఉంది. ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం 1955లో బ్రౌన్–కార్ల్‌సెన్ శ్రవణ పరీక్ష వెలువడింది. మరి రెండేళ్లకు ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ తన పరీక్షల శ్రేణిలో శ్రవణాన్ని చేర్చింది. ఈ రెండు పరీక్షలనూ 1965లో పరిశీలించిన చార్లెస్ కెల్లీకి కనిపించిన విషయం ఆలోచింపజేసేది. ఆ రెండింటి మార్కులకు ఒకదానితో మరొకదానికి ఉన్న పొంతన కంటే సాధారణ తెలివితేటల పరీక్షతో ఉన్న పొంతన ఎక్కువగా ఉంది. రెండు ఉష్ణమాపకాలు ఒకదానితో ఒకటి ఏకీభవించక, రెండూ తూకపు రాయితో ఏకీభవిస్తే అవి కొలిచేది ఉష్ణాన్నేనా అన్న సందేహం రాక మానదు. శ్రవణ పరీక్ష అని పేరు పెట్టినంత మాత్రాన అది శ్రవణాన్ని కొలవదన్న హెచ్చరిక ఆనాటి నుంచీ ఉంది.

1974లో థామస్ స్టిచ్ బృందం ప్రకటించిన శ్రవణ పఠన వికాస నమూనా మరొక మెట్టు. మాతృభాషలో చదువుకునే పిల్లలు ప్రాథమిక తరగతుల్లో చదివినదానికంటే విన్నదాన్నే బాగా అర్థం చేసుకుంటారని, సుమారు ఏడెనిమిది తరగతుల నాటికి ఈ అంతరం చెరిగిపోతుందని వారు నిరూపించారు. అందుచేత ఆంగ్లం మాతృభాషగా గల దేశాల్లో శ్రవణ పరీక్షను పఠనపు పైకప్పుగా వాడుకున్నారు. పిల్లవాడు విని ఎంత గ్రహించగలడో అంతవరకు చదివి గ్రహించగల అవకాశం ఉందన్నమాట.

తెలుగు మాధ్యమపు విద్యార్థి విషయంలో ఈ క్రమం తలక్రిందులవుతుంది. అతనికి ఆంగ్లం ముందు కంటికి పరిచయమై, తర్వాతెప్పుడో చెవికి పరిచయమవుతుంది. కొన్నిసార్లు ఆ రెండవ పరిచయం జరగనే జరగదు. ఉపాధ్యాయుడు పాఠాన్ని తెలుగులో వివరిస్తాడు. పదాల అర్థాలు గైడులో దొరుకుతాయి. విద్యార్థి మనసులో ప్రతి ఆంగ్లపదానికీ ఒక రూపం ఏర్పడుతుంది, కాని ధ్వని మాత్రం అతను అక్షరాల నుంచి ఊహించుకున్నదే. బుధవారాన్ని వెడ్‌నెస్‌డే అని చదువుకున్న చెవికి వెన్స్‌డే అన్న ధ్వని వేరే మాటగానే తోస్తుంది. దీనికి తోడు తెలుగులో కలిసిపోయిన ఆంగ్లపదాలు తెలుగు అజంతత్వాన్ని తొడుక్కొని బస్సు, బ్యాంకు, రోడ్డు, షాపు అయ్యాయి. తెలుగు అక్షరమక్షరాన్నీ దాదాపు సమానంగా పలికే భాష. ఆంగ్లం ఊనిక పడిన అక్షరాన్ని నిలబెట్టి తక్కినవాటిని మింగేసే భాష. మింగబడేవాటిలోనే కాలాన్ని, సంబంధాన్ని చెప్పే చిన్నమాటలన్నీ ఉంటాయి. కాగితం మీద నాలుగు వేర్వేరు మాటలుగా కనిపించే వాట్ ఆర్ యూ గోయింగ్ అన్నది చెవికి ఒకే మాటగా వచ్చి తాకుతుంది.

కాబట్టి ఆంగ్లం మాతృభాష అయిన పిల్లవాడి శ్రవణ మార్కు అతని భాషాజ్ఞానానికి అద్దం అయితే, తెలుగు విద్యార్థి శ్రవణ మార్కు అంత నిర్మలమైన అద్దం కాదు. భాష తెలిసినా ధ్వని పట్టుకోలేక పోవచ్చు. చెవివైద్యంలో ఈ భేదం పాతదే. స్వరాలను వినిపించి చెవి ఎంత మెల్లని శబ్దాన్ని పట్టుకోగలదో చూసే పరీక్ష ఒకటి, మాటలను వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష మరొకటి. మొదటిదానిలో నెగ్గి రెండవదానిలో ఓడేవారుంటారు. పరాయి భాష వినేవారిలో మూడవ మెట్టు కూడా ఉంది. మాటను సరిగా తిరిగి చెప్పగలిగినా దాని అర్థం తెలియకపోవచ్చు. ధ్వనిని మాటలుగా విడగొట్టడం, మాటలకు అర్థం తెలియడం, అర్థాన్ని సందర్భంలో నిలుపుకోవడం అనే మూడింటిలో విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో ఒక్క మార్కు చెప్పదు.

3. సాధనాల తీర్పు

2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌తో ఒప్పందం కుదుర్చుకొని ప్రభుత్వ పాఠశాలల్లో ప్రాథమిక తరగతులకు టోఫెల్ ప్రైమరీ, పై తరగతులకు టోఫెల్ జూనియర్ పరీక్షలను ప్రవేశపెట్టింది. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత ఆ కార్యక్రమం ఆగిపోయింది. దీనిపై జరిగిన చర్చ ఎక్కువగా రాజకీయ పక్షాల మధ్య, ఆంగ్లమాధ్యమ వాదం చుట్టూ సాగింది. పరీక్షను పరీక్షగా పరిశీలించినవారు తక్కువ.

ఆ పరీక్షకు దక్కవలసిన గౌరవం దక్కాలి. టోఫెల్ జూనియర్‌లో శ్రవణం, భాషారూపం, పఠనం అనే మూడు భాగాలు, ఒక్కొక్కదానికి 42 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 200 నుంచి 300 వరకు విడివిడి అంకెలు. శ్రవణ పఠనాలను వేరుచేసి కొలిచే పరీక్ష తెలుగు ప్రాంతపు ప్రభుత్వ పాఠశాల పిల్లల ముందుకు ఆ స్థాయిలో రావడం కొత్త. ఆంగ్ల వాక్యాన్ని వినడం కూడా చదువులో భాగమేనని ఒక వ్యవస్థ మొదటిసారి అంగీకరించింది. ఈ మేలును కాదనలేము.

అయితే పరీక్ష మంచిదా అన్న ప్రశ్న అసంపూర్ణం. సప్రమాణత అనేది పరీక్షలో ఉండే గుణం కాదని, ఆ పరీక్ష ఫలితానికి చెప్పుకునే అర్థంలో, దాన్ని వాడుకునే తీరులో ఉండే గుణమని శామ్యూల్ మెసిక్ 1989లో విపులంగా వాదించాడు. మరోచోట సప్రమాణమైన పరీక్ష ఇక్కడ కాకపోవచ్చు. ఆంగ్లమే బోధనాభాషగా ఉండే తరగతి గదిలో ఇమడగలడా అన్న ప్రశ్నకు టోఫెల్ జూనియర్ జవాబు చెబుతుంది. వినిపించేవి ఆ తరహా పాఠశాల ప్రకటనలు, ఉపాధ్యాయుల మాటలు, చిన్న ఉపన్యాసాలు. రెండవ తరగతి స్థాయి వాక్యాల దగ్గరే తడబడే విద్యార్థి ఆ పరీక్షలో అట్టడుగు అంకె దగ్గర ఆగిపోతాడు. అతనూ, అతని కన్నా ఎంతో మెరుగైన పక్క విద్యార్థీ ఒకే గడిలో పడతారు. శిశువు బరువు చూడడానికి లారీలను తూచే కాటా వాడినట్టు, కాటాలో దోషం లేదు, కాని శిశువు బరువు తెలియదు. పైగా ప్రశ్నలు, వాటి కింది జవాబులు ఆంగ్లంలోనే ముద్రించి ఉంటాయి. విని అర్థం చేసుకొన్న విద్యార్థి కూడా ముద్రించిన జవాబులను చదవలేకపోతే శ్రవణంలోనే మార్కు పోగొట్టుకుంటాడు. శ్రవణ పరీక్ష దొంగచాటుగా పఠన పరీక్ష అయిపోతుంది. కొరియా పరీక్షలో ప్రశ్నను కొరియన్ భాషలోనే ముద్రించడం వెనుక ఈ వివేకం ఉంది.

అలాగని కొరియా పద్ధతి ఆదర్శమని అనుకోనక్కరలేదు. విమానాలను ఆపగలిగిన దేశం పరీక్ష వెనుక నడిచే అభ్యాసవ్యాపారాన్ని ఆపలేకపోయింది. ప్రవేశపరీక్ష ప్రశ్నలలో ఎక్కువ భాగం ప్రభుత్వ విద్యాప్రసార సంస్థ పుస్తకాలతో ముడిపడి ఉంటాయని ప్రకటించినప్పుడు, విద్యార్థులు ఆ పుస్తకాల్లోని ఆంగ్లభాగాలకు కొరియన్ అనువాదాలను కంఠస్థం చేయడం మొదలుపెట్టారు. పఠనాన్ని పెంచడానికి వేసిన ఎత్తు పఠనాన్నే తప్పించింది. ఆ తర్వాత ముడిని సడలించవలసి వచ్చింది. తెలుగు రాష్ట్రాల విద్యార్థికి ఇది పరాయి కథ కాదు. పదవ తరగతి ప్రశ్నపత్రంలో పాఠ్యపుస్తకంలోని భాగాన్నే ఇచ్చి ప్రశ్నలడిగినప్పుడు గైడు చదివినవాడి జ్ఞాపకశక్తి కొలతకు వస్తుంది, పఠనశక్తి రాదు. పరిచితభాగాన్ని పఠన పరీక్షగా పిలవడమే ఈ ప్రశ్నపత్రంలోని మౌలిక దోషం. శ్రవణం లేకపోవడం కంటే ఇదే పెద్ద లోపమని కూడా వాదించవచ్చు.

అపరిచితభాగమైనంత మాత్రాన చిక్కు తీరదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ 64 మంది విద్యార్థులకు బేస్‌బాల్ ఆటను వర్ణించే కథనం ఇచ్చారు. పఠనంలో వెనుకబడినా ఆ ఆట తెలిసినవారు, పఠనంలో ముందున్నా ఆట తెలియనివారి కంటే మెరుగ్గా గ్రహించారు. కథావస్తువు పరిచయం పఠనలోపాన్ని కప్పివేసింది. గుంటూరు జిల్లా పల్లెలోని విద్యార్థికి ఇంటి ముంగిట పాతసామాను అమ్మకాన్ని గురించిన సంభాషణ వినిపిస్తే అతను పొరబడేది ఆంగ్లంలోనా, ఆ ఆచారంలోనా? న్యూజెర్సీలో పెరిగిన తెలుగు బాలికకు పొలంగట్టు కథ చదవమంటే ఆమె తడబాటు భాషదా, లోకానుభవానిదా? ప్రశ్నపత్రం కూర్చేవారు ఈ రెండింటినీ విడదీయకపోతే మార్కు చూసి చెప్పే తీర్పు అన్యాయమవుతుంది.

4. సముద్రానికి ఈవల

ఈ విషయం విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు వార్తాపత్రికల సంగతి మాత్రమే కాదు. అమెరికా ప్రభుత్వ పాఠశాలలో పిల్లవాడిని చేర్చిన రోజునే ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న పత్రం నింపవలసి వస్తుంది. తెలుగు అని రాసిన తల్లిదండ్రుల పిల్లలను ఆంగ్ల సామర్థ్య పరీక్షకు పిలిచే అవకాశం ఉంటుంది. ఆంగ్లం నేర్చుకుంటున్నవారుగా గుర్తించిన విద్యార్థులకు శ్రవణ, భాషణ, పఠన, లేఖనాలు నాలుగింటిలో ఏటా పరీక్ష జరపాలని 2015 నాటి విద్యాచట్టం నిర్దేశిస్తుంది. ఆంగ్లం రాని పిల్లలను అర్థం కాని తరగతిలో ఊరికే కూర్చోబెట్టడం సమాన విద్యావకాశం కాదని 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ వ్యవస్థకు పునాది. ఉద్దేశం ఉదాత్తమైనదే.

కొలత దగ్గర మాత్రం పాత సమస్యే. నలభైకి పైగా రాష్ట్రాలు, ఇతర విభాగాలు కలసి వాడే విడా పరీక్షలో 1 నుంచి 6 వరకు అంకెలుంటాయి. మొత్తం అంకెను లెక్కించేటప్పుడు చాలా ఏళ్లుగా పఠనానికి 35 శాతం, లేఖనానికి 35 శాతం, శ్రవణానికి 15 శాతం, భాషణానికి 15 శాతం బరువు ఇస్తున్నారు. ఇద్దరు విద్యార్థులను ఊహించుకోవచ్చు. మొదటివాడు హైదరాబాదు నుంచి తొమ్మిదవ తరగతిలో చేరాడు: పఠనం 5, లేఖనం 4, శ్రవణం 2, భాషణం 3. రెండవవాడు అమెరికాలోనే పెరిగాడు: శ్రవణం 6, భాషణం 6, పఠనం 3, లేఖనం 3. లెక్క వేస్తే ఇద్దరి మొత్తం అంకె 3.9. ఒకడికి ఉపాధ్యాయుడి మాట అందడం లేదు, మరొకడికి పుస్తకం అందడం లేదు. మొత్తం అంకెను మాత్రమే చూసే కార్యాలయానికి వారిద్దరూ కవలలు.

ఈ బరువులకు సమర్థన లేకపోలేదు. ఉన్నత పాఠశాల చదువులో అధికభాగం పుస్తకం మీద, రాత మీద నడుస్తుంది కాబట్టి వాటికే ప్రాధాన్యం ఇచ్చామని రూపకర్తలు చెప్పవచ్చు. భాషాసేవల నుంచి విద్యార్థిని ఎప్పుడు విడుదల చేయాలన్న నిర్ణయానికి ఒక అంకె పాలనాపరంగా అవసరం కావచ్చు. కాని ఏమి బోధించాలన్న నిర్ణయానికి ఆ అంకె పనికిరాదు. విడి అంకెలూ నివేదికలో ముద్రించే ఉంటాయి. తల్లిదండ్రులు చాలావరకు మొత్తం అంకెనే చూసి, పిల్లవాడికి ఆంగ్లం రాదన్నారని నొచ్చుకుంటారు. కొందరు ఆ ముద్ర పడకుండా ఇంటిభాష ఆంగ్లమేనని రాసేస్తారు. మొదటివారు నివేదికలో సగం చదవలేదు. రెండవవారు పిల్లవాడికి అందవలసిన సాయాన్ని ఆపడమే కాక, తెలుగును దాచవలసిన వస్తువుగా అతనికి నేర్పారు. శ్రవణ పఠనాల గడులు రెండింటినీ పక్కపక్కన పెట్టి, వీటి మధ్య ఇంత ఎడమెందుకుందని బడిని అడగడం ఈ రెంటికంటే మేలైన మార్గం.

5. ఇరవై నిమిషాల పరీక్ష

విదేశీ సంస్థలతో ఒప్పందాలు, విమానాలను ఆపే ఏర్పాట్లు లేకుండానే చేయగలిగినది చాలా ఉంది. ఎనిమిదవ తరగతిలో సమాన క్లిష్టత గల రెండు చిన్న అపరిచిత గద్యభాగాలను తీసుకోవాలి. ఇతివృత్తం విద్యార్థుల లోకానికి చెందినదై ఉండాలి. సగం తరగతికి మొదటి భాగాన్ని వినిపించి, రెండవదాన్ని చదివించాలి. మిగిలిన సగానికి తారుమారు చేయాలి. కొత్త మందుల పరిశోధనలో రెండు మందులను ఒక్కొక్క బృందానికీ వరుస మార్చి ఇచ్చి చూసే పద్ధతి ఇదే. గద్యభాగపు క్లిష్టతలో తేడా ఉంటే దాని ప్రభావం రెండు వైపులా సమంగా పడుతుంది. ప్రశ్నలు తెలుగులో ఉండాలి, జవాబులు తెలుగులో రాయనివ్వాలి. అప్పుడు కొలతలోకి ఆంగ్ల రచన చొరబడదు. దీనికి తోడు ఒక్కొక్క విద్యార్థి చేత ఒక నిమిషం పైకి చదివిస్తే లిపిబోధ కూడా తెలుస్తుంది.

ఫలితం నాలుగు గడులలో వస్తుంది. వినీ చదివీ గ్రహించేవారు, చదివి గ్రహించి వినలేనివారు, విని గ్రహించి చదవలేనివారు, రెండూ చేయలేనివారు. రెండవ గడికి చెందినవారికి పుస్తకం చేతిలో ఉంచుకొని అదే పాఠాన్ని వినే అభ్యాసం కావాలి. మూడవ గడివారికి అక్షర ధ్వని సంబంధాలు మొదటినుంచి నేర్పాలి. ఆంగ్ల సినిమాలు, వీడియోలు చూసి పెరుగుతున్న నేటి పిల్లల్లో ఈ గడి పెరుగుతుండడం సంభవమే. నాలుగవ గడివారికి మరింత పరీక్ష కాదు, తెలుగు ఆసరాతో పదసంపద కావాలి.

తెలుగు బడిలో ఒకప్పుడు విరివిగా ఉన్న డిక్టేషన్ కూడా పనికివచ్చే సాధనమే, దాన్ని స్పెల్లింగు పరీక్షగా కుదించకుండా ఉంటే. ఒక్కొక్క పదాన్నీ విడదీసి మూడుసార్లు పలికితే పరీక్షకు వచ్చేది అక్షరక్రమం. ఏడెనిమిది మాటల వాక్యఖండాన్ని సహజవేగంతో చెప్పి రాయమంటే, అర్థం తెలియనిదే ఎవరూ అంత పొడుగు ధ్వనిని జ్ఞాపకం ఉంచుకోలేరు. జాన్ ఆలర్ 1970లలో డిక్టేషన్‌ను పునరుద్ధరించినది ఈ కారణం చేతనే. ఎక్కడ విద్యార్థి రాత తెగిందో అక్కడే అతని వినికిడి తెగింది.

దీనికి రెండు బలమైన ఆక్షేపణలున్నాయి. మొదటిది, ఉపాధ్యాయుడి ఉచ్చారణే విద్యార్థికి ప్రమాణమైతే బయటి ఆంగ్లం ఎలా పరిచయమవుతుందన్నది. ధ్వనిముద్రణలతో దీన్ని తీర్చవచ్చు. విందాం–నేర్చుకుందాం పేరుతో ఆకాశవాణి ద్వారా పాఠాలు అందుకొన్న బడులకు ఒకే సమయంలో ఒకే గొంతును వినడం కొత్తేమీ కాదు. ఇప్పుడైతే ప్రతి ఉపాధ్యాయుడి జేబులోనూ ఫోను ఉంది. వినిపించే గొంతులలో అమెరికన్, బ్రిటిష్ గొంతులతో పాటు చక్కని భారతీయ ఆంగ్లం కూడా ఉండాలి, ఈ విద్యార్థులలో అధికులు జీవితంలో వినబోయేది దాన్నే కాబట్టి.

రెండవ ఆక్షేపణ మరింత కఠినం. పబ్లిక్ పరీక్షలో మార్కులు లేని విషయాన్ని బడులు బోధించవు, మార్కులు పెట్టిన మరుక్షణం దాన్ని కంఠస్థ విద్యగా మార్చేస్తాయి. సి.బి.ఎస్.ఇ. 2012–13లో శ్రవణ భాషణ మూల్యాంకనాన్ని తెచ్చింది. అది ఇప్పుడు బడి వేసుకునే అంతర్గత మార్కులలో ఒక భాగం. అంతర్గత మార్కులు అందరికీ నిండుగా పడడం ఎక్కడైనా ఉన్న బలహీనత. కాబట్టి ఒకే పరీక్ష చేత రెండు పనులు చేయించకూడదు. రోగనిర్ణయానికి చేసే పరీక్షకు మార్కులు వద్దు, అది ఉపాధ్యాయుడి చేతి పనిముట్టు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో మాత్రం రాష్ట్రమంతటా ఒకే ధ్వనిముద్రణతో, తెలుగులో ముద్రించిన ప్రశ్నలతో పది, పదిహేను మార్కుల శ్రవణభాగం ఉండాలి. పరిచిత గద్యభాగాల స్థానంలో అపరిచితభాగాలు రావాలి. మొదటిది బోధనను సరిదిద్దుతుంది, రెండవది బోధన జరిగేలా చూస్తుంది.

చివరికి పరీక్ష చేసినవాడి బాధ్యత ఫలితం చెప్పడంతో తీరదు. చికిత్స లేని చోట రోగనిర్ణయం క్రూరం. శ్రవణ పరీక్షలో తప్పిన విద్యార్థికి వినడానికి రోజూ ఒక పావుగంట ఏర్పాటు చేయలేని బడి ఆ పరీక్ష పెట్టకపోవడమే మేలు. కాని ఏమీ కొలవకుండా, పదేళ్ల చదువు తర్వాత తొంభై మార్కుల కాగితం చేతికిచ్చి, మొదటి ఉపన్యాసంలో మొదటి పది నిమిషాల్లో అతని లోపాన్ని అతనికే, ఒంటరిగా, నలుగురి మధ్య కనిపెట్టుకోమనడం అంతకంటే క్రూరం. ఇప్పటి వ్యవస్థ ఏటా చేస్తున్నది అదే.